చవితి చంద్రుడి ఫోటో

నా చిన్నప్పుడు మా ఊరు నాకు పెట్టిన పేరు గిన్నె. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. బడి రిజిస్టరులో అదే ఉండేది. కానీ ఒక ఏడాదిపాటు ఆ పేరుతో నన్ను పిలిచిన వాళ్లు లేరు. నీళ్లకు పోతే గిన్నె, బడికి పోతే గిన్నె. ఆ పేరు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో చెబుతాను. మధ్యలో నేను చేసిన పని కూడా చెబుతాను. దానికి సిగ్గుపడమంటే ఇప్పటికీ పూర్తిగా సిగ్గుపడలేను. ముందే చెప్పేస్తున్నాను.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రం ఇంకో మూడు మైళ్లుందనగా వచ్చే చిన్న ఊరు. తూర్పున ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు. పడమర చూపు ఆనినంత మేర వరి పొలాలు. ఆ పొలాల్లో సగం పెద్దింటివాళ్లవి. మేము వాళ్ల దగ్గర రెండెకరాలు కౌలుకు చేసేవాళ్లం. ఆ ఇంటి యజమానురాలిని ఊరంతా పెద్దింటమ్మ అనేది. యాభై దాటిన పచ్చటి మనిషి. ముక్కు మీద బంగారు రంగు కాడల కళ్లద్దాలు ఉండేవి. ఆ రోజుల్లో మా ఊళ్లో కళ్లద్దాలున్న ఆడమనిషి ఆమె ఒక్కతే.

వినాయక చవితికి ఊరి ఆడపిల్లలం పెద్దింటికి పోయి, కోసుకొచ్చిన పత్రిని ఏ ఆకుకు ఆ ఆకు వేరుచేసి పళ్లేల్లో సర్దేవాళ్లం. నాకు పదేళ్లప్పుడు, యాభైల చివర్లో, ఆ ఏడు పూజ బాగా ఆలస్యమైంది. చవితినాడు చంద్రుణ్ణి చూస్తే చేయని తప్పుకు నింద మోయాల్సి వస్తుందని మా భయం. పొద్దుగూకేలోపలే వినాయకుణ్ణి కాలవలో కలిపి తలుపులు వేసుకోవాలి. అందుకని పాలేర్లు విగ్రహాన్ని, పీట మీద ఉన్న పత్రినంతా తుండుగుడ్డలో గబగబా మూటగట్టి పట్టుకుపోయారు. వాళ్లు తిరిగొచ్చేసరికి పెద్దింట్లో వెండి గంధపు గిన్నె కనబడటం లేదు.

లోపల ఉన్న పిల్లలం ఆరుగురం. పెద్దింటమ్మ మమ్మల్ని గోడవార వరసగా నిలబెట్టింది. ఎవరు తీశారో చెప్పేయమంది. నా చెయ్యి నాకు తెలియకుండానే పావడా మడత మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, అచ్చం అట్లానే. ఆమె హాలుకు ఆ చివర కుర్చీలో కూర్చుని అద్దాల్లోంచి అది చూసింది. లేచొచ్చి నా మడత దులిపింది. గిన్నె రాలలేదు, మా తమ్ముడి కోసం దాచుకున్న రెండు ఉండ్రాళ్లు రాలాయి. ఒకటి దొర్లుకుంటూ పోయి గడప దగ్గర ఆగింది. అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. “ఈ పొద్దు ఉండ్రాయి, రేపు గిన్నె” అని ఒకామె అంది. “గిన్నె అప్పుడే ఇల్లు చేరి ఉంటాదిలే” అని ఇంకొకామె. నేను తీయలేదు, నాకు తెలీదు అని ఎన్నిసార్లన్నానో నాకే గుర్తు లేదు. పెద్దింటమ్మ నవ్వేవాళ్లను ఆపలేదు. ఇంక ఈ గడప తొక్కొద్దని మాత్రం చెప్పింది.

మా అమ్మ పరుగున వచ్చింది. వచ్చి నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. ఆమె రెండు చేతులూ జోడించి, బిడ్డ తెలియక చేసి ఉంటుంది, మనసులో పెట్టుకోవద్దమ్మా అని వేడుకుంది. కౌలు పొలం పోతుందని ఆమె భయం. పదేళ్ల పిల్లకు కౌలు సంగతి ఏమి తెలుస్తుంది? నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోతే మా అవ్వ ఇంకో మాట అంది. “చంద్రుణ్ణి చూసింటావు మే, లేకుంటే నింద ఎందుకొస్తాది?” చూడలేదని ఒట్టు పెట్టుకున్నాను. అదీ నమ్మలేదు. గిన్నె తీశానని ఒక నింద, చంద్రుణ్ణి చూశానని ఇంకొకటి. ఒక్క రోజులో రెండు.

కార్తీకంలో కాలవ తగ్గినప్పుడు చేపలు పట్టేవాళ్ల వలలో గిన్నె దొరికింది. పత్రి మూటలో పడి వినాయకుడితో పాటు నిమజ్జనమైపోయిందది. పట్టుకొచ్చి ఇచ్చిన మనిషికి పెద్దింటమ్మ కుంచెడు వడ్లు కొలిపించి, గిన్నెను చింతపండుతో తోమించి బీరువాలో పెట్టించింది. తోమిన పనిమనిషి నీళ్ల బావి దగ్గర చెబితే మాకు తెలిసింది. “దొరికిందంటలే” అని ఎవరో అన్నారు, అంతే. దొంగ అన్నప్పుడు ఊరంతా విన్నది. దొరికింది అన్నప్పుడు ఊరికి చెవుల్లేవు. మర్నాడు బడికి పోతే మళ్లీ గిన్నే.

పగ పెద్దవాళ్లకే ఉంటుందనుకుంటారు. పదేళ్ల పిల్ల పగ ముందు పాము పగ ఏపాటిది? అన్నం తింటుంటే అదే, పడుకుంటే అదే. ఆమెకు జ్వరం రావాలని కాదు, కాలు విరగాలని కాదు. ఊరి ఆడవాళ్ల ముందు నిలబడి నాకు తెలీదు నాకు తెలీదు అని ఆమె అనాలి, ఎవరూ నమ్మకూడదు. నాకు కావలసింది అదొక్కటే. ఎట్లా చేయాలో మాత్రం తెలియలేదు.

మా పక్కింట్లో కళ్లద్దాల మామ ఉండేవాడు. నెల్లూరులో చిన్న కొట్టు పెట్టుకుని అద్దాలు అరగదీసి కళ్లజోళ్లు బిగించేవాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. సాయిబులే అయినా మా నాన్నకు అన్న వరస, నాకు మామ వరస, అదెట్లా కుదిరిందో ఎవరూ అడగలేదు. రంజాన్ నెలవంకను ఊళ్లో అందరికంటే ముందు తనే చూడాలని ఆయనకు పట్టుదల. దానికోసం సొంతంగా దుర్భిణి చేసుకున్నాడు. ఆకాశంలోకి రష్యావాళ్లు ఏదో గోళం వదిలారని పేపర్లలో వస్తున్న రోజులు. ఊళ్లో అందరూ సాయంత్రం పూట పైకి చూసేవాళ్లు. మామ చూసి ఊరుకునే రకం కాదు. చంద్రుణ్ణి ఫోటో తీస్తానన్నాడు.

విన్నవాళ్లంతా నవ్వారు. ఎందుకు నవ్వరు? నెల్లూరులో పెళ్లి ఫోటో తీయించుకోవడమే గొప్పగా ఉన్న కాలం. ఆయన దగ్గరున్న సరంజామా చూస్తే ఇంకా నవ్వొచ్చేది. రేకుపని చేసేవాడితో నిలువెత్తు గొట్టం చేయించాడు. లోపల వెలుతురు తళతళలాడకుండా దీపం మసి నూనెలో కలిపి పూశాడు. ఆ పని నాదే, నా మోచేతుల దాకా మసి. గొట్టం ముందు భాగానికి మామూలు కళ్లజోడు అద్దం ఒకటి. దాని ముందు నడుమ పావలా బిళ్లంత రంధ్రం చేసిన అట్ట. అద్దం మొత్తంలోంచి వెలుతురు రానిస్తే బొమ్మ అలుక్కుపోతుందట. వెనక భాగానికి, ఒక స్టూడియో ఆయన పనికిరాదని పారేసిన పాత డబ్బా కెమెరా. దానికి అద్దం పగిలిపోయింది. మన అద్దమే దానికి అద్దం, గొట్టం దానికి ముక్కు అన్నాడు మామ.

ఏ అద్దం పెట్టాలో వెతుకుతున్నప్పుడు ఆయన పెట్టెలో ఒక అంచు విరిగిన అద్దం చూశాను. పెద్దింటమ్మ కొత్తవి వేయించుకున్నప్పుడు తీసేసిన పాతదట. అదే పెట్టమని పట్టుబట్టాను. ఎందుకని అడక్కుండా మామ దాన్ని నా వేళ్ల మధ్య పెట్టి తడిమి చూడమన్నాడు. “నడుమ పలచన, అంచు మందం. ఇది వెలుతురును ఒకచోటికి చేర్చదు పాపా, చెదరగొడతాది. దూరం ఆననోళ్లకు వేసే అద్దం ఇది. దుర్భిణికి కావాల్సింది నడుమ లావుండేది, మీ అవ్వలాగా దగ్గరిది ఆననోళ్లకు ఇచ్చేది.” నాకు అందులో పనికిరాదన్న మాట తప్ప ఏదీ తలకెక్కలేదు.

గొట్టాన్ని మూడు వెదురు గెడలు కట్టి వాటి మీద నిలబెట్టాం. సముద్రపు గాలికి ఊగిపోతుంటే నడుమ ఇసుక మూట వేలాడదీశాం, అప్పుడు కుదురుకుంది. రీలు ఎక్కించకముందు కెమెరా వెనక మూత తీసి నూనె రాసిన కాగితం అతికించాలి. గొట్టాన్ని చంద్రుడి వైపు తిప్పి వెనక భాగం ముందుకూ వెనక్కూ జరిపితే కాగితం మీద చంద్రుడు పడతాడు. గోరంత బొమ్మ, తలకిందులుగా. అంచు పదునుగా తేలినచోట గొట్టం మీద మేకుతో గీత గీసుకోవాలి. తర్వాత ఎప్పుడు తీసినా ఆ గీత దగ్గరే పెట్టాలి. రీలు ఎక్కాక కాగితం ఉండదు కదా, చంద్రుడు ఎక్కడున్నాడో తెలియాలంటే గొట్టం పక్కన సన్నటి పిల్లనగ్రోవి లాంటిది కావాలి. మామ బొప్పాయి ఆకు కాడ కోసి కట్టాడు. కాడలోంచి చంద్రుడు కనబడితే కెమెరాలోనూ ఉన్నట్టే. తెల్లారేసరికి వాడిపోయేది, మర్నాడు కొత్తది.

ఫోటో తీయడానికి నొక్కే మీట లేదు. గొట్టం ముందు నల్ల అట్ట అడ్డం పెట్టి, గాలి ఆగిందనుకున్నప్పుడు తీసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి మళ్లీ అడ్డం పెట్టాలి. మొదటి రీలంతా పాడైంది. ఉప్పుగాలికి అద్దం మీద జిడ్డు పేరుకుని, చంద్రుడు పొగలో ఉన్నట్టు పడ్డాడు. రెండో రీలు ఎండలో ఎక్కించి సగం తగలేశాం. మామ విసుక్కోలేదు. ఒక్కటే నియమం పెట్టాడు. స్టూడియో నుంచి వచ్చిన ప్రతి కాగితం వెనక తిథి, ఎన్ని లెక్కలు పెట్టామో, గాలి ఉందో లేదో పెన్సిలుతో రాయాలి. బాగా రానివాటికి కూడా. “ముందర ఉండేది అందరూ చూస్తారు. వెనక ఉండేది మనకు దారి చూపిస్తాది” అనేవాడు. రాత నాది గుండ్రంగా ఉంటుందని నాతోనే రాయించేవాడు. కొన్నాళ్లకు చెప్పకుండానే రాసేదాన్ని.

శ్రావణంలో ఒకరోజు మా అవ్వ శమంతకమణి కథ చెబుతోంది. కృష్ణుడు చవితి చంద్రుణ్ణి నేరుగా చూడలేదు, పాలు పితుకుతుంటే పాలలో నీడ చూశాడు. దానికే సత్రాజిత్తు ఆయనను మణి దొంగ అన్నాడు. ఏళ్లుగా వింటున్న కథే. ఆ పూట మాత్రం నాకు వెన్ను నిటారుగా అయిపోయింది. పాలలో నీడకే అంత దేవుడికి నింద వస్తే, ఫోటోలో చూస్తే పెద్దింటమ్మకు రాదా? పైగా పాలలో నీడ ఒక్క క్షణం ఉంటుంది. ఫోటోలో చవితి చంద్రుడు ఏ రోజు చూసినా చవితి చంద్రుడే.

మామకు చెప్పాను. ఆయన అద్దం అరగదీస్తూ అంతా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. “మేము ఈ నెలవంక కోసం మేడలెక్కి ఎదురు చూస్తాం. మీరు ముఖం తిప్పుకుంటారు. వాడు మాత్రం ఒక్కడే” అన్నాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు. ఆ రోజు కాడలోంచి ఆయన చూడడు. నా పగ కాబట్టి నేనే చూసి, నేనే అట్ట తీయాలి. అంటే చవితి చంద్రుణ్ణి ముందు నేనే చూడాలన్నమాట. రెండు రోజులు ఆలోచించాను. మరీ ఎక్కువ ఆలోచించలేదు. నాకు రావాల్సిన నిందలు ఎట్లాగూ ముందే వచ్చేసినాయి, కొత్తగా పోయేదేమీ లేదనుకున్నాను.

చవితినాడు పొద్దు వాలేవేళకు, ఊరంతా తలుపులు బిగించుకుంటుంటే, మేమిద్దరం పొలం గట్టు మీద గొట్టం నిలబెట్టుకుని కూర్చున్నాం. పడమరంతా మబ్బు. నల్లగా, ఎండిపోయిన పేడ పిడకలా కదలకుండా కూర్చుంది. నేను కాడలో పెట్టిన కన్ను తీయలేదు. మెడ పట్టేసింది. చంద్రుడు ఆ మబ్బు వెనకే దిగిపోయాడు. ఏడాదికి ఒక్క చవితి. నాకు ఏడుపొచ్చింది, గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మామ నా పక్కనే కూర్చున్నాడు. గొట్టం మాత్రం విప్పలేదు.

మర్నాడు పంచమి. ఆకాశం తుడిచిపెట్టినట్టుంది. గాలి కూడా పడిపోయింది. ఎందుకొచ్చావని అడక్కుండా మామ నన్ను కాడ దగ్గర నిలబెట్టాడు. అట్ట తీశాను, ఒకటి, రెండు, పెట్టాను. వారం తర్వాత స్టూడియో ఆయన దాన్ని పోస్టుకార్డంత చేసి ఇచ్చాడు. ఇప్పటికీ చెబుతున్నాను, అంత అందమైన వస్తువు నేను అప్పటిదాకా చూడలేదు. కొడవలిలాంటి వెలుగు, లోపలి అంచున పుండు మాని మచ్చలు పడ్డట్టు గుంటలు గుంటలు. చంద్రుడి మీద గుంటలున్నాయని మా ఊళ్లో మొదట చూసింది మామా నేనూ. చేతికి వచ్చీ రాగానే తిప్పి వెనక రాశాను: పంచమి, రెండు లెక్కలు, గాలి లేదు.

అందం చూసి మనసు మారిందనుకుంటున్నారేమో. లేదు. చవితికీ పంచమికీ తేడా ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. మామకు చెప్పలేదు.

మా నెల్లూరు వైపు బొమ్మల కొలువు దసరాకే. పెద్దింట్లో తొమ్మిది మెట్ల కొలువు, ఊరి ఆడవాళ్లందరికీ పేరంటం. గడప తొక్కొద్దన్న ఇంటికి మా అవ్వ చెయ్యి పట్టుకుని పోయాను. పండగపూట ఎవరూ పొమ్మనరని నాకు తెలుసు. ఫోటో తీసి పెద్దింటమ్మ చేతిలో పెట్టాను. మామా నేనూ తీశామన్నాను. ఆమె నావైపు ఆశ్చర్యంగా చూసింది. ఆ ముఖంలో ఒక సంతోషం లాంటిది కూడా వచ్చింది. పోయిన ఏటి సంగతి నేను మరిచిపోయాననుకుందేమో. స్వయంగా తీసుకెళ్లి మూడో మెట్టు మీద నిలబెట్టింది. వచ్చినవాళ్లందరినీ పిలిచి చూపించింది. నేను తొందరపడలేదు. గాలి ఆగేదాకా అట్ట పట్టుకుని నిలబడటం అలవాటైన దాన్ని. గది నిండేదాకా ఆగాను.

అప్పుడు గట్టిగా చెప్పాను, అది చవితినాడు తీసిన చంద్రుడని.

గదిలో గాజుల చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా అందరూ కొంగులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె, మా ఆయన అసలే కోర్టు చుట్టూ తిరుగుతున్నాడని ఏడుపు మొదలుపెట్టింది. ఇంకొకామె ఊరుకోలేదు. “పేరంటానికి పిలిచి పసుపు కుంకుమతో పాటు నిందలు కూడా పంచినావా పెద్దింటమ్మా?” అంది. పెద్దింటమ్మ నిలబడిపోయింది. “నాకు తెలీదమ్మా. నిజంగా నాకు తెలీదు” అంది. ఎవరూ నమ్మలేదు. ఇల్లు ఆమెది, కొలువు ఆమెది, పిలిచి చూపించిందీ ఆమే.

అబద్ధం చెప్పను. ఆ మాట వింటుంటే నా కడుపు చల్లగా అయింది. ఏడాదిపాటు రగిలిన కడుపు. ఇంకా రెండుసార్లు అంటే బాగుండు అనుకున్నాను. అంది కూడా.

ఆమె మెట్టు మీది ఫోటో తీసుకుంది. కళ్లద్దాలు తీసి నుదుటి మీదికి నెట్టుకుని, ఫోటోను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. చంద్రుణ్ణి చూసింది. తర్వాత వెనక్కి తిప్పింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, వెనక నా రాత ఉందని. అంతలోనే ధైర్యం తెచ్చుకున్నాను. అద్దాలు లేని ముసలామెకు పెన్సిలు గీతలేమి కనబడతాయి? మా అవ్వకు సూదిలో దారం ఎక్కించేది నేనే కదా. పెద్దింటమ్మ కొంచెంసేపు అట్లాగే ఉండి, ఫోటోను పళ్లెంలో పెట్టి తమలపాకులు కప్పింది. అద్దాలు మళ్లీ ముక్కు మీదికి దించుకుని, అందరి మీదుగా నావైపు చూసింది.

చంద్రుణ్ణి చూసిన దోషానికి విరుగుడు ఆ కథ విని అక్షతలు వేసుకోవడమే. అందరినీ కూర్చోమని, అక్షతలు తెప్పించి ఆమే కథ మొదలుపెట్టింది. మణి పోయింది, కృష్ణుణ్ణి దొంగ అన్నారు, ఆయన అడవికి పోయి మణి తెచ్చి ఇచ్చాడు. నిజం తెలిసిన సత్రాజిత్తు సిగ్గుపడ్డాడు అనే దగ్గర ఆగిపోయింది. “ఇట్రా మే” అని నన్ను పిలిచింది. పోయి నిలబడ్డాను. “పోయినేడు నా గంధపు గిన్నె పత్రి మూటలో కాలవకు పోయింది. వలలో దొరికింది. దొరికిన సంగతి మీకెవరికీ చెప్పలా, నాకు నోరు రాలా. ఈ బిడ్డ దొంగ కాదు. ఆ పొద్దు ఈమె తెలీదంటే నేను నమ్మలా” అంది. అని మొదటి అక్షతలు నా నెత్తిన వేసింది. మా అవ్వ కళ్లు తుడుచుకుంటోంది. పోయిన ఏడు ఉండ్రాళ్లు చూసి నవ్విన ఆడవాళ్లందరూ తలలు దించుకుని అక్షతలకు చేతులు చాపారు.

మర్నాడు సాయంత్రం మామ బస్సు దిగీ దిగగానే పట్టుకున్నాను. అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పంచమిని చవితి అన్నది కూడా చెప్పాను, ఇంక దాచేదేముంది, గెలిచాను కదా. మామ సంచి కింద పెట్టాడు.

“ఫోటో వెనక ఏమి రాసినావు?” అన్నాడు.

“పంచమి అని. కానీ ఆమె చదవలా మామా. అద్దాలు తీసేసి చూసింది.”

మామ మెల్లగా అడిగాడు, “ఆమె పాత అద్దం నీ చేతికిచ్చినా, గుర్తుందా? నడుమ పలచన, అంచు మందం. ఎవరికిచ్చే అద్దమని చెప్పినా?”

దూరం ఆననోళ్లకు. నా నోటితో నేనే అన్నాను. అన్నాక అర్థమైంది. ఆమెకు అద్దాలు ఉంటే దూరం కనబడుతుంది. తీస్తే దగ్గరిది శుభ్రంగా కనబడుతుంది. చదవడానికే తీసింది. నా అబద్ధం, నా గుండ్రటి చేతిరాతతో సహా, ఆమె చేతిలో ఉంది. గది నిండా ఆడవాళ్లున్నారు. చూడండి, ఇది పంచమి, ఈ పిల్ల దొంగే కాదు అబద్ధాలకోరు కూడా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఈ జన్మకు లేచేదాన్ని కాదు. ఆమె ఆ కాగితాన్ని ఆకుల కింద దాచి, కథ మొదలుపెట్టింది.

“ఆమె నిన్ను తెలియక అనింది. నువ్వు తెలిసి అనినావు” అన్నాడు మామ. సంచి తీసుకుని లోపలికి పోయాడు. 

మూడో రోజు పొద్దున పెద్దింటి పనిమనిషి మా ఇంటికి వచ్చింది. రెండు తమలపాకులు, అరటిపండు, నా ఫోటో. వాటిని వెండి గంధపు గిన్నె మీద పెట్టి తెచ్చింది. గిన్నె మాత్రం తిరిగి కావాలట, పనిమనిషికి ఇవ్వొద్దట, నేనే తీసుకురావాలట. మా అమ్మ భయంగా నావైపు చూసింది. నేను గిన్నె పట్టుకుని బయల్దేరాను. మా ఇంటి నుంచి పెద్దింటికి ఊరు మొత్తం దాటాలి. బావి దగ్గర ఆడవాళ్లు, అరుగుల మీద మగవాళ్లు, బడికి పోతున్న పిల్లలు. అందరూ చూస్తుండగా, దొంగ అన్న పిల్ల, దొంగిలించిందన్న గిన్నెను రెండు చేతులతో పట్టుకుని పట్టపగలు నడిచింది. ఒక్కరు కూడా గిన్నె అని పిలవలేదు. ఆ రోజు నుంచి ఇంకెవరూ పిలవలేదు.

పెద్దింటమ్మ వరండాలో కూర్చుని ఉంది. గిన్నె ఇచ్చాను. క్షమించమనాలనుకున్నాను, అనలేకపోయాను. ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, నన్ను దగ్గరికి లాక్కుని, నా ముఖం చూసింది.

“ఈసారి చవితిదే తీయి మే. నాకు మాత్రం చూపించొద్దు” అంది.

ఇదంతా జరిగి అరవై ఏళ్లు దాటింది. మామ పోయాడు, ఆమె పోయింది. బొప్పాయి కాడలు, మసి గొట్టం కూడా పోయాయి. ఫోటో నా దగ్గరే ఉంది. ముందు భాగం పసుపెక్కింది, వెనక రాత ఇంకా చెదరలేదు. ఎవరి మీదయినా ఒక మాట అనబోయేముందు నా చెయ్యి దానికదే దేన్నో వెనక్కి తిప్పబోతుంది. వెనక ఏముందో చూసుకుంటే తప్ప నోరు లేవదు.

కానీ పెద్దింటమ్మ మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపమే. ఏడాదిపాటు కడుపులో పెట్టుకుని పెంచుకున్న పగ అది. ఒక్కసారి కళ్లద్దాలు పైకి నెట్టుకుని, నా చేతిలోంచి లాగేసుకుంది. తిరిగి ఇవ్వనే లేదు.